కంప్యూటర్ ఆన్ చేయగానే ఎర్రర్ మెసేజా? ముందు అది ఎక్కడ ఆగిపోయిందో పట్టుకోండి

పవర్ బటన్ నొక్కగానే నల్ల స్క్రీన్ మీద తెల్లక్షరాలతో ఒక లైన్ వచ్చి కంప్యూటర్ బిగుసుకుపోయిందనుకోండి, చాలామంది చేసే మొదటి పని ఆ లైన్ చదవకుండానే బటన్ నొక్కిపట్టి ఆపేసి మళ్ళీ ఆన్ చేయడం, రెండో పని "విండోస్ పోయింది, ఫార్మాట్ కొట్టేయాలి" అని డిసైడ్ అయిపోవడం. ఒక్క నిమిషం ఆగండి. స్టార్టప్‌లో వచ్చే ఎర్రర్లలో ఫార్మాట్ దాకా వెళ్ళాల్సినవి చాలా తక్కువ. ముందు ఫోన్‌తో ఆ స్క్రీన్‌ని ఫోటో తీయండి, మెసేజ్ రెండు సెకన్లలో మాయమైపోతుంటే వీడియో తీసి పాజ్ చేసి చదవండి. అక్షరం అక్షరం కావాలి, "ఏదో డిస్క్ అని వచ్చింది" అంటే ఎవ్వరూ ఏమీ చెప్పలేరు.

బటన్ నొక్కిన దగ్గర్నుంచి డెస్క్‌టాప్ కనిపించేదాకా పని చేతులు మారుతూ ఉంటుంది. మొదట మదర్‌బోర్డ్‌లో ఉండే బయోస్ (కొత్తవాటిలో దీన్ని యూఈఎఫ్‌ఐ అంటారు, మనం బయోస్ అనే అనుకుందాం) ర్యామ్ ఉందా, కీబోర్డ్ ఉందా, డిస్క్‌లు ఉన్నాయా అని చెక్ చేసుకుంటుంది, తర్వాత ఏ డిస్క్‌లో బూట్ ప్రోగ్రామ్ (విండోస్‌ని మొదలుపెట్టేది) ఉందో వెతికి దానికి అప్పజెప్తుంది, ఆ బూట్ మేనేజర్ విండోస్‌ని లేపుతుంది, విండోస్ తన డ్రైవర్లన్నీ (ఒక్కో పార్ట్‌ని నడిపించే చిన్న ప్రోగ్రామ్‌లు) ఎక్కించుకుని లాగిన్ స్క్రీన్ చూపిస్తుంది, లాగిన్ అయ్యాక స్టార్టప్ ప్రోగ్రామ్‌లు ఒక్కోటీ లేస్తాయి. మీ ఎర్రర్ ఈ దారిలో ఎక్కడ వచ్చిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే దానికి ముందున్నవన్నీ బాగానే ఉన్నాయని అర్థం. ఒక మంచి గుర్తు చెప్తాను: కంపెనీ లోగో కింద గుండ్రంగా తిరిగే చుక్కలు కనిపించాయంటే డిస్క్ దొరికింది, బూట్ మేనేజర్ పని చేసింది, ఇక గొడవంతా విండోస్ లోపలే. ఆ చుక్కలు రాకముందే ఆగిందంటే విండోస్‌ని తిట్టి లాభం లేదు, అదింకా నిద్ర లేవనే లేదు.

సరే, ఏదన్నా ముట్టుకునే ముందు ఒక పని. పెన్‌డ్రైవ్, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, ప్రింటర్, కార్డ్ రీడర్, ఫోన్ చార్జింగ్ వైరు, అన్నీ పీకేసి కీబోర్డ్, మౌస్, మానిటర్ మాత్రమే ఉంచి ఒకసారి ఆన్ చేయండి. వినడానికి మరీ చిన్నగా ఉంటుంది గానీ "రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్" అనే మెసేజ్‌కి వెనకాల పోర్ట్‌లో మర్చిపోయిన పెన్‌డ్రైవే కారణం అవ్వడం చాలా మామూలు విషయం. బయోస్ ఆ పెన్‌డ్రైవ్‌ని డిస్క్ అనుకుని అందులో విండోస్ కోసం వెతుకుతూ కూర్చుంటుంది.

ఇప్పుడు మొదటి స్టేజ్, అంటే లోగో దగ్గరో, అంతకన్నా ముందో వచ్చేవి. స్క్రీన్ అసలు రాకుండా బీప్ బీప్ అని శబ్దాలొస్తే అవి కూడా ఎర్రర్ మెసేజ్‌లే. ఎన్ని బీప్‌లు, పొడుగువా పొట్టివా అని రాసుకుని మీ మదర్‌బోర్డ్ మాన్యువల్‌లో చూడాలి, ఎందుకంటే ఒక కంపెనీ లెక్క ఇంకో కంపెనీకి పనికిరాదు. ఎక్కువగా అనుమానించాల్సింది ర్యామ్‌నే. డెస్క్‌టాప్ అయితే ప్లగ్ గోడ నుంచి పీకేయండి, పవర్ బటన్ ఒక పది సెకన్లు నొక్కి పట్టుకోండి (లోపల మిగిలిన కరెంట్ పోవడానికి), క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో ముట్టుకుని అప్పుడు లోపల చెయ్యి పెట్టండి. ర్యామ్ స్టిక్‌కి చివర్లో ఉండే క్లిప్‌ని బయటికి నొక్కితే స్టిక్ కాస్త పైకి లేస్తుంది, తీసి కింద బంగారు రంగు గీతలు చూడండి, నల్లగా మసకగా ఉంటే మెత్తని పెన్సిల్ రబ్బర్‌తో నెమ్మదిగా రుద్ది పొడి దులిపేయండి. మళ్ళీ పెట్టేటప్పుడు కింద ఉన్న గంటు స్లాట్‌లో ఉన్న గంటుకి సరిపోయేలా పెట్టి రెండు చివర్లా నొక్కితే "టక్" మని క్లిప్ దానంతటదే పడుతుంది, ఆ టక్ వినపడకపోతే అది సరిగ్గా కూర్చోలేదు. రెండు స్టిక్‌లుంటే ఒక్కోటి పెట్టి ట్రై చేయండి, ఏది పాడైందో అక్కడే తేలిపోతుంది.

"సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్", "డేట్ అండ్ టైమ్ నాట్ సెట్, ప్రెస్ ఎఫ్1" లాంటివి వస్తే భయపడక్కర్లేదు, మదర్‌బోర్డ్ మీద ఉండే బటన్ సెల్ అయిపోయింది. దాని మీద సీఆర్2032 అని రాసి ఉంటుంది (20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం అని ఆ నంబర్‌కి అర్థం, 3 వోల్టులది). టైమ్ ప్రతిసారీ పాత సంవత్సరానికి వెళ్ళిపోవడం, బ్రౌజర్‌లో ఏ సైట్ తెరిచినా "యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్" అని రావడం కూడా దీని లక్షణాలే, ఎందుకంటే సైట్ సర్టిఫికెట్ తేదీకీ మీ కంప్యూటర్ తేదీకీ పొంతన కుదరదు. సెల్ మార్చడం తేలికే, పక్కనున్న చిన్న క్లిప్ నొక్కితే పైకి ఎగురుతుంది. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. సెల్ తీసేస్తే బయోస్ సెట్టింగ్‌లు ఫ్యాక్టరీ సెట్టింగ్‌లకి వెళ్ళిపోవచ్చు, దాంతో డిస్క్ మోడ్ (కంప్యూటర్ డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, ఏహెచ్‌సీఐ అనో రెయిడ్ అనో ఉంటుంది) మారిపోయి అప్పటిదాకా బాగా నడిచిన విండోస్ కాస్తా బ్లూ స్క్రీన్ కొడుతుంది. అందుకే సెల్ పీకేముందు బయోస్‌లోకి వెళ్ళి (ఎలాగో కింద రెండో స్టేజ్‌లో ఉంది) ప్రతి పేజీ ఫోటో తీసి పెట్టుకోండి. ఇప్పటికే అవి రీసెట్ అయిపోయి ఉంటే పాత ఫోటో దొరకదు కాబట్టి ఆ మోడ్‌ని ఒకసారి మార్చి చూడండి, బూట్ అయితే అదే, కాకపోతే వెనక్కి మార్చేయండి.

"సీపీయూ ఫ్యాన్ ఎర్రర్" వస్తే ఎఫ్1 నొక్కి ముందుకెళ్ళిపోవద్దు, సైడ్ ప్యానెల్ తీసి ఫ్యాన్ తిరుగుతోందో లేదో కళ్ళతో చూడండి, చాలాసార్లు ఒక వైరు రెక్కలకి అడ్డం పడి ఉంటుంది లేదా దుమ్ము పేరుకుని బిగుసుకుపోయి ఉంటుంది. "కీబోర్డ్ నాట్ ఫౌండ్" అయితే వేరే పోర్ట్‌లో పెట్టండి, అంతే.

ఈ స్టేజ్‌లో నిజంగా భయపడాల్సిన మెసేజ్ ఒక్కటే, "స్మార్ట్ ఫెయిల్యూర్ ప్రెడిక్టెడ్" అని, బ్యాకప్ తీసుకుని డిస్క్ మార్చండి అని. అంటే డిస్క్ తనంతట తానే నాకు టైమ్ దగ్గరపడింది అని చెప్తోంది. ఇది వచ్చాక చెక్‌డిస్క్‌లు (డిస్క్‌లో తప్పులు వెతికే విండోస్ టూల్), స్కాన్‌లు, డీఫ్రాగ్‌లు (ఫైళ్ళ ముక్కల్ని ఒకచోట సర్దడం) ఏమీ పెట్టొద్దు, అవి డిస్క్‌ని అటూ ఇటూ పరిగెత్తించి ఉన్న కాస్త ప్రాణం తీసేస్తాయి. విండోస్ తెరుచుకుంటే ముందు ఫోటోలు, డాక్యుమెంట్లు వేరే డిస్క్‌కి కాపీ చేయండి, మిగతావి తర్వాత. హార్డ్ డిస్క్ నుంచి టిక్ టిక్ అని శబ్దం వస్తున్నా ఇదే మాట, మెసేజ్ రాకపోయినా సరే.

రెండో స్టేజ్, బూట్ డిస్క్ దొరకకపోవడం. "నో బూటబుల్ డివైస్", "ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్", ఇవన్నీ ఒకే మాటని రకరకాలుగా చెప్పడం. పెన్‌డ్రైవ్‌లు పీకినా అదే వస్తుంటే బయోస్‌లోకి వెళ్ళండి, ఆన్ చేసిన వెంటనే ఎఫ్2 గానీ డిలీట్ గానీ టకటకా నొక్కుతూ ఉండాలి, కొన్ని కంపెనీలకి ఎఫ్10, ఎస్కేప్ ఉంటాయి, లోగో కింద చిన్నగా రాసి ఉంటుంది చూడండి. అక్కడ తేల్చుకోవాల్సింది ఒకటే ప్రశ్న: మీ డిస్క్ పేరు లిస్ట్‌లో కనిపిస్తోందా లేదా.

కనిపించట్లేదా, అయితే ఇది విండోస్ సమస్య కాదు, వైరుదో డిస్క్‌దో. డెస్క్‌టాప్‌లో సాటా కేబుల్ (డిస్క్ నుంచి మదర్‌బోర్డ్‌కి వెళ్ళే డేటా వైరు) రెండు చివర్లా పీకి గట్టిగా పెట్టండి, పవర్ కేబుల్ కూడా, మదర్‌బోర్డ్‌లో వేరే పోర్ట్‌కి మార్చి చూడండి, కేబుల్ మార్చి చూడండి. ఎం.2 ఎస్ఎస్‌డీ (వైర్లు లేకుండా నేరుగా మదర్‌బోర్డ్ స్లాట్‌లో కూర్చునే సన్నటి డిస్క్) అయితే చిన్న స్క్రూ తీసి, బయటికి లాగి, మళ్ళీ స్లాట్‌లో చివరిదాకా నెట్టి బిగించండి. ఇవన్నీ చేసినా కనిపించకపోతే ఆ డిస్క్‌ని వేరే కంప్యూటర్‌కి పెట్టి చూడ్డమే మిగిలింది.

కనిపిస్తోందా, అయితే శుభవార్త. బూట్ ఆర్డర్‌లో "విండోస్ బూట్ మేనేజర్" అనేది మొదట ఉందో లేదో చూడండి, లేకపోతే పైకి జరపండి. అది కూడా సరిగ్గానే ఉంటే బూట్ మోడ్ చూడండి, యూఈఎఫ్‌ఐ అని ఉందా, లెగసీ లేదా సీఎస్ఎం (పాత బయోస్ పద్ధతి) అని ఉందా అని. విండోస్ ఏ మోడ్‌లో ఇన్‌స్టాల్ అయిందో అదే మోడ్‌లో లేస్తుంది, ఈ మధ్య వచ్చిన కంప్యూటర్లన్నీ దాదాపు యూఈఎఫ్‌ఐనే కాబట్టి అది లెగసీకి మారిపోయి ఉంటే వెనక్కి మార్చి సేవ్ చేయండి.

ఒక్క జాగ్రత్త, ఇది బయోస్‌లో ఏం మార్చినా వర్తిస్తుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ (కీ లేకుండా డేటా చదవలేకుండా వేసే తాళం, విండోస్‌లో దాని పేరు బిట్‌లాకర్) మనకి తెలియకుండానే ఆన్‌లో ఉంటుంది, బయోస్‌లో కొన్ని మార్పులు చేసినా, బయోస్ అప్‌డేట్ చేసినా నీలం స్క్రీన్ మీద "బిట్‌లాకర్ రికవరీ" అని వచ్చి 48 అంకెల కీ అడుగుతుంది. అది వైరస్ కాదు, మీ పాస్‌వర్డ్ కూడా పని చేయదు. మీరు విండోస్‌కి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యి ఉంటే ఫోన్‌లో అదే అకౌంట్ తెరిచి డివైసెస్‌లో రికవరీ కీస్ చూడండి, స్క్రీన్ మీద కనిపించే కీ ఐడీకి మ్యాచ్ అయ్యేదే కొట్టాలి. ఆ కీ ఎక్కడా లేకపోతే మైక్రోసాఫ్ట్ వాళ్ళు కూడా ఆ డేటా తీయలేరు, కాబట్టి కంప్యూటర్ బాగున్నప్పుడే ఆ కీ కాగితం మీద రాసి పెట్టుకోవడం నయం.

మూడోది, డిస్క్ దొరికింది కానీ బూట్ ఫైళ్ళు చెడిపోయాయి. పాత ఎక్స్‌పీ రోజుల్లో "ఎన్‌టీ లోడర్ ఈజ్ మిస్సింగ్" అని వచ్చేది, విస్టా నుంచి "బూట్ మేనేజర్ ఈజ్ మిస్సింగ్", ఇప్పుడైతే నీలం స్క్రీన్ మీద "యువర్ పీసీ నీడ్స్ టు బి రిపేర్డ్" అని, కింద సీ అక్షరం తర్వాత బోలెడు సున్నాలున్న కోడ్ వస్తుంది. దీనికి రికవరీ స్క్రీన్ కావాలి. లోగో వచ్చే టైమ్‌కి పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయడం రెండుసార్లు చేస్తే మూడోసారి విండోస్ తనంతట తానే "ప్రిపేరింగ్ ఆటోమేటిక్ రిపేర్" అంటుంది (ఊరికే సరదాకి చేయొద్దు, దీనికి మాత్రమే). అది కూడా రాకపోతే వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ తెచ్చుకుని కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద ఎక్కించాలి, పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి గుర్తుంచుకోండి. ఆ పెన్‌డ్రైవ్‌తో బూట్ అయ్యాక ఇన్‌స్టాల్ నొక్కకుండా రిపేర్ అనే మాట ఎక్కడుందో వెతికి అదే నొక్కండి.

అక్కడ ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో స్టార్టప్ రిపేర్ ముందు ఒకసారి నడపండి. "కుడ్ నాట్ రిపేర్" అని చెప్తే అప్పుడు కమాండ్ ప్రాంప్ట్ (కమాండ్లు టైప్ చేసే నల్ల విండో). నెట్‌లో అందరూ బూట్ సరిచేసే బూట్‌రెక్ కమాండ్లు చెప్తుంటారు, కొత్త కంప్యూటర్లలో వాటిలో ఒకటైన ఫిక్స్‌బూట్ కొడితే "యాక్సెస్ ఈజ్ డినైడ్" అని వచ్చి జనం అక్కడే ఇరుక్కుపోతారు, నా లెక్కలో బూట్ ఫైళ్ళని కొత్తగా రాసే బీసీడీబూట్ కమాండే మేలు. కానీ దానికి ముందు ఒక మోసం ఉంది: రికవరీలో డ్రైవ్ అక్షరాలు మారిపోవచ్చు, మీ సీ డ్రైవ్ ఇక్కడ డీ అయి కూర్చోవచ్చు. డీఐఆర్ అని కొట్టి స్పేస్ ఇచ్చి సీ కోలన్ కొట్టి చూడండి, విండోస్, యూజర్స్, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లు కనిపిస్తే అదే, లేకపోతే డీ, ఈ కూడా చూడండి. దొరికాక బీసీడీబూట్ అని కలిపి కొట్టి, స్పేస్, ఆ డ్రైవ్ అక్షరం, కోలన్, బ్యాక్‌స్లాష్, విండోస్ అని కొట్టి ఎంటర్. "బూట్ ఫైల్స్ సక్సెస్‌ఫుల్లీ క్రియేటెడ్" అని వస్తే పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేయండి.

ఇక నాలుగోది, చుక్కలు తిరిగి తిరిగి బ్లూ స్క్రీన్ పడటం (కొత్త విండోస్ 11 అప్‌డేట్లలో ఇది నల్ల స్క్రీన్ అయింది, విషయం అదే). అందులో ఏడుపు మొహం, పర్సెంటేజీ వదిలేయండి, స్టాప్ కోడ్ అని కింద ఉన్న మాటలే ముఖ్యం. "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అంటే పైన చెప్పిన డిస్క్ మోడ్ గానీ డిస్క్ డ్రైవర్ గానీ. "అన్‌మౌంటబుల్ బూట్ వాల్యూమ్" అంటే ఫైల్ సిస్టమ్ దెబ్బతింది, రికవరీ కమాండ్ ప్రాంప్ట్‌లో సీహెచ్‌కేడీఎస్‌కే (చెక్‌డిస్క్ కమాండ్ ఇదే) అని కలిపి కొట్టి, స్పేస్, పైన చెప్పినట్టు వెతికిన డ్రైవ్ అక్షరం, కోలన్, స్పేస్, స్లాష్ ఎఫ్ అని కొట్టాలి (డిస్క్ టిక్ టిక్ అనకపోతేనే). "మెమరీ మేనేజ్‌మెంట్", "పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా" లాంటివి ప్రతిసారీ మారి మారి వస్తుంటే ర్యామ్ మీద అనుమానం, పైన చెప్పినట్టు ఒక్కో స్టిక్ పెట్టి చూడండి లేదా మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ టెస్ట్ టూల్ ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో రాత్రంతా టెస్ట్ పెట్టండి. ఒకే కోడ్ ప్రతిసారీ వస్తూ, పక్కన డాట్ సిస్ అని ముగిసే ఫైల్ పేరు చూపిస్తుంటే అది డ్రైవర్, ఆ ఫైల్ పేరు సెర్చ్ చేస్తే ఏ సాఫ్ట్‌వేర్‌దో తెలిసిపోతుంది.

ఈ స్టేజ్‌లో మన ఆయుధం సేఫ్ మోడ్, అంటే అత్యవసరమైన డ్రైవర్లు మాత్రమే ఎక్కించుకుని విండోస్ లేవడం. ఎఫ్8 నొక్కితే వచ్చే రోజులు విండోస్ 8తోనే పోయాయి, ఇప్పుడు రికవరీలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, తర్వాత 4 నొక్కాలి, ఇంటర్నెట్ కూడా కావాలంటే 5. సేఫ్ మోడ్‌లో బాగా నడుస్తోందంటే హార్డ్‌వేర్ చాలావరకు బాగున్నట్టే, ఈ మధ్య వేసిన డ్రైవర్, యాంటీవైరస్, ఏదో సాఫ్ట్‌వేర్ దోషి. 2024 జులై 19న ప్రపంచమంతా ఒకేసారి బ్లూ స్క్రీన్లు పడ్డాయి గుర్తుందా, క్రౌడ్‌స్ట్రైక్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల కంప్యూటర్లు, దానికీ మందు ఇదే, సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఒక్క ఫైల్ డిలీట్ చేయడం. కాబట్టి రీసెంట్‌గా ఏం ఇన్‌స్టాల్ అయిందో చూసి తీసేయండి, గుర్తులేకపోతే సిస్టమ్ రిస్టోర్‌తో పాత తేదీకి వెళ్ళండి, అప్‌డేట్ తర్వాత మొదలైతే రికవరీలోనే "అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్" ఉంటుంది. విండోస్ మళ్ళీ మామూలుగా లేచాక అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్ఎఫ్‌సీ, స్పేస్, స్లాష్ స్కాన్‌నౌ ఒకసారి నడిపి పెట్టండి, విరిగిన సిస్టమ్ ఫైళ్ళు సరిచేస్తుంది, టైమ్ పడుతుంది, మధ్యలో ఆపొద్దు.

ఆఖర్ది, లాగిన్ అయ్యాక డెస్క్‌టాప్ మీద పడే చిన్న డబ్బాలు. ఇవి చిరాకే గానీ ప్రమాదం తక్కువ. "రన్ డీఎల్ఎల్, స్పెసిఫైడ్ మాడ్యూల్ కుడ్ నాట్ బి ఫౌండ్" అనో, ఏదో స్క్రిప్ట్ ఫైల్ దొరకలేదనో వస్తుంటే, తీసేసిన సాఫ్ట్‌వేర్‌దో, యాంటీవైరస్ చంపేసిన వైరస్‌దో స్టార్టప్ ఎంట్రీ మాత్రం మిగిలిపోయింది, విండోస్ రోజూ లేని ఫైల్‌ని పిలుస్తోంది. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్ చూడండి, అక్కడ లేకపోతే టాస్క్ షెడ్యూలర్ చూడండి, ఇంకా దొరకకపోతే మైక్రోసాఫ్ట్ వాళ్ళదే ఆటోరన్స్ అనే ఫ్రీ టూల్ ఉంది, అందులో ఫైల్ దొరకని ఎంట్రీలు పసుపు రంగులో కనిపిస్తాయి, ముందు టిక్ తీసి రీస్టార్ట్ చేసి చూసి తర్వాతే డిలీట్ చేయండి. ఏదో డీఎల్ఎల్ (ప్రోగ్రామ్‌లు వాడుకునే సహాయక ఫైల్) మిస్సింగ్ అని వస్తే మాత్రం ఆ పేరు సెర్చ్ చేసి కనిపించిన సైట్ నుంచి ఫైల్ డౌన్‌లోడ్ చేసి సిస్టమ్ ఫోల్డర్‌లో పడేయకండి దయచేసి, వైరస్‌లు వచ్చే రాచబాట అది. ఎంఎస్‌వీసీపీ140 లాంటివైతే మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ వేస్తే పోతాయి, మిగతావాటికి ఆ సాఫ్ట్‌వేర్ తీసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయండి.

ఇంకోటి, ఆన్ చేయగానే ఫుల్ స్క్రీన్‌లో "మీ కంప్యూటర్ లాక్ అయింది, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి" అని సైరన్ మోగిస్తూ వస్తే అది పక్కా మోసం. మైక్రోసాఫ్ట్ అసలు ఎర్రర్ మెసేజ్‌లలో ఫోన్ నంబర్ ఉండదు. చాలావరకు అది పోయినసారి మూసేయని బ్రౌజర్ పేజీయే, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని ముగించేయండి, ఆ నంబర్‌కి మాత్రం చేయొద్దు.

ఇవేవీ పని చేయకపోతే "రీసెట్ దిస్ పీసీ"లో "కీప్ మై ఫైల్స్" ఉంది, కానీ పేరు చూసి మోసపోకండి, మీ పర్సనల్ ఫైళ్ళు ఉంటాయి గానీ ఇన్‌స్టాల్ చేసిన సాఫ్ట్‌వేర్లన్నీ పోతాయి. రీసెట్‌కి ముందే డేటా బయటికి తీసుకోవాలంటే ఉబుంటు (విండోస్‌కి బదులు వాడే ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్) పెన్‌డ్రైవ్ చేసి "ట్రై ఉబుంటు" మీద నొక్కండి, ఏమీ ఇన్‌స్టాల్ అవ్వకుండానే డిస్క్ తెరుచుకుంటుంది, ఫైళ్ళు ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి లాగి పడేయండి (బిట్‌లాకర్ ఉంటే ఇక్కడా ఆ 48 అంకెల కీ కావాలి). రిపేర్‌కి ఎవరికన్నా ఇస్తున్నారంటే తీసిన ఫోటోలు చూపించి, ఏ స్టేజ్‌లో ఆగుతోందో, ఇప్పటిదాకా ఏం ట్రై చేశారో చెప్పండి, "డేటా కావాలి, అడక్కుండా ఫార్మాట్ చేయొద్దు" అనే మాట నోటితో కాదు, రసీదు మీదే రాయించుకోండి.